మూలన పడిన సైకిళ్లు, పనిముట్లు అక్కరకు వచ్చే చోటికి చేర్చే పద్ధతి

నెల్లూరు మాగుంట లేఔట్‌లోనైనా, ఒంగోలు లాయరుపేటలోనైనా కాస్త పాతబడిన అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగి చూస్తే గోడకు ఆనించి వదిలేసిన సైకిళ్లు నాలుగైదు కనిపిస్తాయి. పిల్లలు ఇంటర్ పూర్తిచేసి చెన్నైకో హైదరాబాదుకో చదువులకు వెళ్లినప్పటి నుంచి వాటిని ఎవరూ కదిలించి ఉండరు. టైర్లలో గాలి దిగిపోయి, చైను తుప్పుపట్టి, సీటు మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. పల్లెల్లోని పాత ఇళ్లలోనైతే అటక మీద చెక్కపెట్టెలో పెద్దాయన వాడిన ఉలులు, చిత్రిక, రంపం, పానాలు ఆయన పోయిన నాటి నుంచి అలాగే పడి ఉంటాయి. అదే జిల్లాలో రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి హైస్కూలుకు వెళ్లే ఆడపిల్లలు ఉన్నారు. ఐటీఐలో ఫిట్టరు కోర్సు పాసై, సొంతంగా ఒక పానాల సెట్టు కొనుక్కునే స్తోమత లేక మరొకరి దగ్గర కూలికి చేరిన కుర్రవాళ్లూ ఉన్నారు.

ఇవ్వాలన్న కోరిక మనవారిలో చాలామందికి ఉంది. అయితే ఎవరికి, ఏ స్థితిలో, ఎవరి ద్వారా ఇవ్వాలో తెలియక కొందరు ఆగిపోతున్నారు. మరికొందరు తోచినట్టు ఇచ్చేసి, తెలియకుండానే అవతలివారి నెత్తిన కొత్త ఖర్చు పెడుతున్నారు. గాలి నిలవని సైకిలు ఒక పేద ఇంటికి చేరితే దాన్ని బాగుచేయించే భారం ఆ ఇంటి మీదే పడుతుంది, ఆ డబ్బు లేనప్పుడు ఆ సైకిలు మన సెల్లార్‌లో పడి ఉన్నట్టే వాళ్ల పంచలో పడి ఉంటుంది. అందువల్ల ఇక్కడ చెప్పబోయే విషయాలన్నిటికీ ఒకే కొలత పెట్టుకున్నాను: ఇచ్చిన వస్తువు, అందుకున్నవారికి మరుసటి రోజు పొద్దున్నే పనికి రావాలి.

ముందుగా మనిషిని వెతకాలి

సాధారణంగా మనం వస్తువును బయటికి తీసి, ఆ తర్వాత తీసుకునేవారి కోసం చూస్తాము. ఇది తలకిందులు పద్ధతి. ఎవరికి ఏది కావాలో ముందు తెలిస్తేనే ఏది బాగుచేయించాలో, ఎంత ఖర్చు పెట్టాలో, ఏది ఇవ్వకూడదో తెలుస్తుంది.

సైకిలు విషయంలో మొట్టమొదట చూడవలసింది దూరం. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ల పథకం మొదలైంది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టి 2017లో ప్రచురించారు. వయసుకు తగిన సమయంలో హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, ఆ పెరుగుదల ముఖ్యంగా హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరం ఉన్న పల్లెల్లోనే కనిపించిందని వారు తేల్చారు. మన రాష్ట్రంలోనూ ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలకు ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్లు పంచిన కాలం ఉంది. కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్క సైకిలే అయితే, బడి పక్క వీధిలో ఉండి మార్కులు బాగా తెచ్చుకునే అమ్మాయి కంటే, ఊరి చివరి హరిజనవాడ నుంచో గిరిజన కాలనీ నుంచో నడిచి వచ్చే అమ్మాయికి అది ఎక్కువ పనికొస్తుంది. మార్కులకు బహుమతిగా సైకిలు ఇవ్వడం మంచిదే గాని, దానికి కొత్త సైకిలు కొనివ్వవచ్చు. పాత సైకిలును మాత్రం దూరం చూసే ఇవ్వాలని నా అభిప్రాయం.

ఎవరు ఎంత దూరం నుంచి వస్తున్నారో జిల్లా పరిషత్ హైస్కూలు ప్రధానోపాధ్యాయులకు, ముఖ్యంగా హాజరు పట్టీ చూసే క్లాసు టీచర్లకు బాగా తెలుసు. వర్షం పడ్డ రోజుల్లో, వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఎవరు బడి మానేస్తున్నారని అడిగితే పేర్లు వాళ్లే చెబుతారు. అలాగే పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లిదండ్రులతో ఒక మాట అనుకోవడం మంచిది, ఎందుకంటే ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వనప్పుడు ఊళ్లో వచ్చే మాటలను కమిటీ అయితేనే సర్దిచెప్పగలుగుతుంది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలకు, గురుకులాలకు సైకిళ్లు పంపాలని కొందరు అనుకుంటారు. అక్కడ పిల్లలు హాస్టల్లోనే ఉండి చదువుకుంటారు గనుక వారికి సైకిలుతో పని ఉండదు. అదే చోటికి మంచి కుట్టుమిషను పంపితే ఆనందంగా తీసుకుంటారు.

బడి పిల్లలే కాదు, సైకిలు ఆధారంగా బతికే పెద్దవాళ్లూ ఉన్నారు. చెరువుల్లో చేపలు పట్టి ఊరూరా అమ్ముకునే యానాది కుటుంబాలు, రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాకు వెళ్లేవారు, తెల్లవారుజామున పేపరు వేసే కుర్రవాళ్లు, పాలు పోసేవాళ్లు, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లు. వీరిని గుర్తించడానికి పొదుపు సంఘాలను మించిన దారి లేదు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో ఊరూరా వేళ్లూనుకున్న సంఘాలవి. ఏ ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడ్డాడో, ఎవరు అప్పు తెచ్చి పాత సైకిలు కొనడానికి తిరుగుతున్నారో గ్రామ సమాఖ్య లీడరమ్మకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. నెల్లూరులో యానాదుల అభివృద్ధి కోసమే ఏర్పడిన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉంది. అక్కడ అడిగితే కాలనీల వివరాలు, అక్కడ పనిచేసే సిబ్బంది ఎవరో చెబుతారు. గ్రామ సచివాలయంలోని సంక్షేమ సహాయకులను అడిగినా దారి దొరుకుతుంది.

పనిముట్ల విషయంలో వెతుకులాట వేరుగా ఉంటుంది. ప్రభుత్వ ఐటీఐలలో చివరి సంవత్సరం పిల్లలు, బ్యాంకులు జిల్లాకొకటి చొప్పున నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో కోర్సు పూర్తిచేసినవారు, జూనియర్ కళాశాలల్లో ఒకేషనల్ చదివినవారు, తాపీ మేస్త్రీల దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లు ఇందులో ముందు వరుసలో ఉంటారు. శిక్షణ సంస్థ దగ్గర పనిముట్లు ఉంటాయి, శిక్షణ ముగించుకుని ఇంటికి వెళ్లిన మనిషి దగ్గరే ఉండవు. అందువల్ల సంస్థకు ఇచ్చేకంటే, సంస్థ ద్వారా ఆ మనిషికి ఇవ్వమని కోరడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. వారి పని అంతా చిన్న రంపాలు, ఉలులు, ఆకురాళ్ల మీద నడుస్తుంది. అలాంటి చోటికి భారీ ఇనుప పానాలు పంపితే వృథా, మంచి ఆకురాళ్లు పంపితే ఆ పూటే చేతికి తీసుకుంటారు.

అనాథాశ్రమాలకు, పిల్లల గృహాలకు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టర్ అయి ఉండాలి. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగడంలో మొహమాటపడనక్కరలేదు, సవ్యంగా నడుపుతున్నవాళ్లు అడగకముందే చూపిస్తారు. సందేహం ఉంటే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో వాకబు చేయవచ్చు. ఇంటింటికీ తిరిగి ఆశ్రమం పేరు చెప్పి వస్తువులు అడిగేవారికి, రవాణా ఖర్చుకని ముందుగా డబ్బు పంపమనేవారికి ఏదీ ఇవ్వకపోవడమే మేలు.

సైకిలును దగ్గరగా పరిశీలించడం

సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ముందు చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య ఉన్న సందును చూడాలి. ఆ సందు ఒకే తీరుగా ఉంటే చక్రం బాగున్నట్టు. ఒకచోట తగులుతూ ఇంకోచోట దూరమవుతూ ఉంటే రిమ్ము వంకరపోయిందని అర్థం. స్పోకులు బిగించి వంకర తీయడం సైకిలు షాపులో గంట పని, దానికి భయపడనక్కరలేదు. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కలకు ఊపితే ఇరుసు దగ్గర ఆట కనిపిస్తే లోపలి బాల్సులు, కోన్లు అరిగి ఉంటాయి. అవి చవకగా దొరికేవే.

తర్వాత పెడల్. పాత నల్ల సైకిళ్లలో పెడల్ చేతిని ఇరుసుకు పట్టి ఉంచేది కాటర్ పిన్ను. రెండు పెడళ్లనూ పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడిస్తే టక్‌మని శబ్దం వస్తే ఆ పిన్ను అరిగిందన్నమాట. తొక్కేవారి మోకాలికి ప్రతి తొక్కుడుకూ ఆ దెబ్బ తెలుస్తుంది. కొత్త పిన్ను వేయించకుండా ఆ సైకిలు ఇవ్వకూడదు. చైనును వేలితో పైకి లాగి చూస్తే ముందు పళ్ల చక్రం నుంచి బాగా పైకి లేచివస్తే అది సాగిపోయింది, నూనె పోసి లాభం లేదు, మార్చాలి. కేవలం తుప్పే అయితే కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, మిషను నూనె పట్టిస్తే చాలావరకు కోలుకుంటుంది.

టైరు మీద పళ్లు ఉన్నాయా అని మాత్రమే చూసి చాలామంది వదిలేస్తారు. పక్క గోడలు చూడాలి. ఏళ్ల తరబడి గాలి లేకుండా నిలబడిన టైరు పక్కన సన్నని నెర్రెలు వస్తాయి, అది గాలి కొట్టిన రోజు బాగానే ఉండి మండుటెండలో రోడ్డు మీద పగులుతుంది. మన జిల్లాల ఎండలకు ఇది తప్పదు. పాతదైన ట్యూబును కూడా నమ్మకుండా రెండు టైర్లూ రెండు ట్యూబులూ కొత్తవి వేయించి ఇవ్వడం ఉత్తమం. ఇచ్చే సైకిలు మీద ఖర్చుపెట్టే స్థోమత కొంతవరకే ఉంటే, ఆ ఖర్చు పెయింటు మీద కాకుండా టైర్లు, బ్రేకు రబ్బర్లు, చైను మీద పెట్టాలి.

మరమ్మతుకు లొంగనిది ఒకటుంది. కొత్తపట్నం, మైపాడు వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి ఫ్రేమును లోపలి నుంచి తుప్పు తింటుంది. పెడల్ ఇరుసు ఉండే గొట్టం దగ్గర, సీటు కింద, హ్యాండిల్ కింద ఫోర్కు మొదలయ్యే చోట పెయింటు ఉబ్బి ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాలి. గోధుమరంగు పొడి రాలినా, వెంట్రుకవాసి పగులు కనిపించినా ఆ సైకిలు ఎవరికీ ఇవ్వకూడదు. వెల్డింగు చేయించిన ఫోర్కు మీద పిల్లను ఎక్కించడం ప్రాణాలతో చెలగాటమే. అలాంటి సైకిలును విప్పి, బాగున్న సీటు, క్యారియర్, స్టాండు, మడ్‌గార్డులు మరో సైకిలుకు వేయించి, మిగిలిన ఫ్రేమును పాత ఇనుము కొనేవారికి అమ్మి, ఆ డబ్బును ఆ రెండో సైకిలు టైర్లకు వాడవచ్చు. రెండు చచ్చిన సైకిళ్లలో నుంచి ఒక బతికిన సైకిలు రావడం సైకిలు షాపుల్లో రోజూ జరిగే పనే.

కంపెనీ పేరు చూసి వెనకాడవలసిన పని లేదు. అట్లాస్ సంస్థ సాహిబాబాద్‌లోని తన కర్మాగారాన్ని 2020 జూన్ 3న మూసివేసింది గనుక ఆ సైకిళ్లకు సామాను దొరకదేమోనని కొందరు అనుకుంటారు. మన పాత నల్ల సైకిళ్లకు చక్రం, చైను, ఫ్రీవీల్, బ్రేకు రబ్బర్లు కంపెనీతో సంబంధం లేకుండా ఒకే కొలతల్లో ఉంటాయి. 28 అంగుళాల టైరు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది. దొరకనివి గేర్ల సైకిళ్ల సామాన్లు. గేరు తీగ తెగినా, వెనక గేరు చేయి వంగినా పల్లెలో బాగుచేసేవారు ఉండరు, నగరానికి తీసుకురావాల్సిందే. గేర్ల సైకిలు ఉంటే దాన్ని నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండి కాలేజీకి వెళ్లే విద్యార్థికి ఇవ్వాలి, లేదా అమ్మేసి ఆ డబ్బుతో రెండు మామూలు సైకిళ్లు బాగుచేయించాలి.

కొలత కూడా ముఖ్యమే. ఎనిమిదో తరగతి అమ్మాయికి పైన అడ్డకడ్డీ ఉన్న పెద్ద సైకిలు ఇస్తే తొక్కడానికి ఇబ్బందిపడుతుంది, ఇంట్లో అన్నయ్య తీసుకుంటాడు. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు నేలకు ఆనాలి. చున్నీ, పరికిణీ చిక్కుకోకుండా చైను కవరు, వెనక చక్రానికి వల ఉండాలి. చేపలు, పాలు అమ్మేవారికి మాత్రం అడ్డకడ్డీ ఉన్న పెద్ద సైకిలే కావాలి, దానికి బలమైన క్యారియర్, రెండు కాళ్ల స్టాండు వేయించాలి. బెల్లు, వెనక ఎర్ర అద్దం, తాళం ఉన్నాయో లేదో చూడడం మరువకూడదు. తాళం లేని సైకిలు నెల తిరక్కుండానే పోతుంది.

పనిముట్లు: పెట్టె కాదు, వృత్తి చూడాలి

ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అనే సంస్థ 1979 నుంచి పాత చేతి పనిముట్లు సేకరించి, బాగుచేసి ఆఫ్రికా దేశాల వృత్తిపనివారికి పంపుతోంది. వాళ్ల పద్ధతిలో మనం తప్పక తీసుకోవలసింది ఒకటి ఉంది. వచ్చినవాటిని వచ్చినట్టు పంపకుండా, వడ్రంగికి కావలసినవన్నీ ఒక కట్టగా, కుట్టుపనికి కావలసినవన్నీ ఇంకో కట్టగా, మెకానిక్‌కు మరో కట్టగా అమర్చి పంపుతారు. మన దగ్గర ఒక ఇంటి అటక మీద దొరికేది పూర్తి కట్ట కాదు. ఒకరి దగ్గర మూడు ఉలులు ఉంటే మరొకరి దగ్గర చిత్రిక, ఇంకొకరి దగ్గర రంపం ఉంటాయి. అందువల్ల ఒక కాలనీలో, ఒక ఆఫీసులో, ఒక పూర్వ విద్యార్థుల బృందంలో నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి, ఎవరి దగ్గర ఏమున్నాయో రాసుకుని, లోటును కొని పూరించడం మంచి పద్ధతి.

వడ్రంగికి సుత్తి, రంపం, చిత్రిక, వేర్వేరు వెడల్పుల ఉలులు, బర్మా, మూలమట్టం, ఆకురాయి, పదునురాయి ఉంటే ఇంటి పనికి బయలుదేరగలడు. తాపీ పనికి తాపీ, రసమట్టం, తూకుగుండు, దారం, తట్ట చాలు. ఎలక్ట్రీషియన్‌కు ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లయర్, టెస్టరు, స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు కావాలి. పొలం పనికి, ఉపాధి పనులకు వెళ్లేవారికి గడ్డపార, పార, కొడవలి సొంతంగా ఉండాలి, ఇంట్లో ఇద్దరు వెళ్లేటప్పుడు రెండో పార లేక ఆ పూట అద్దెకు తెచ్చుకునేవాళ్లను చూశాను.

ఇచ్చే ముందు ప్రతి పనిముట్టునూ చేతిలోకి తీసుకుని చూడాలి. సుత్తి తలను పట్టుకుని పిడిని ఊపితే కదలకూడదు, కదిలితే కొత్త పిడి వేయించాలి. ఇనుప ఉలి వెనకవైపు, సుత్తి దెబ్బలకు అంచులు విచ్చుకుని పుట్టగొడుగులా తయారై ఉంటుంది. ఆ విచ్చుకున్న అంచు పని చేస్తుండగా ముక్కగా ఎగిరి కంట్లో పడగలదు. గ్రైండరు మీద దాన్ని అరగదీయించి, అంచు కొద్దిగా ఏటవాలుగా చేయించి మాత్రమే ఇవ్వాలి. తుప్పుపట్టిన ఇనుప భాగాలను వెనిగర్‌లో ఒక రాత్రి ఉంచి, మరునాడు ఇనుప పీచుతో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పలచగా పట్టించాలి. కొబ్బరినూనె, వంటనూనె వాడకూడదు, కొన్నాళ్లకు అవి జిగురుగా గట్టిపడతాయి. రంపం, చిత్రిక బ్లేడు పదును పెట్టించే పని అలవాటున్న వడ్రంగికే అప్పగించాలి. అరిగిన ఆకురాయిని మాత్రం తిరిగి బాగుచేయలేము, ఇనుములో వేసేయడమే.

కరెంటుతో నడిచే డ్రిల్లు, గ్రైండరు వంటివాటి విషయంలో మొహమాటం పనికిరాదు. వైరు ఎక్కడైనా తెగి టేపు చుట్టి ఉంటే కొత్త వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వేయించాలి. కోతకు వాడే గ్రైండరుకు డిస్కు మీద ఉండే ఇనుప కవచం పోతే, ఆ కవచం దొరికేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. పాత కటింగు డిస్కుల మధ్య వలయం మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది, గడువు దాటిన డిస్కు తిరుగుతుండగా పగిలిపోవచ్చు. పనిచేయని యంత్రాలను, పాత బ్యాటరీలను విరాళాల్లో కలపకూడదు. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లో విద్యుత్ పనిముట్లు కూడా ఉన్నాయి, వాటిని అధీకృత రీసైక్లర్లకే చేర్చాలి. పురుగుమందు కొట్టే స్ప్రేయర్లను ఇవ్వదలిస్తే మూడుసార్లు కడిగి, అది మందు స్ప్రేయరేనని పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి. ఖాళీ మందు డబ్బాలను మాత్రం ఎవరికీ ఏ పనికీ ఇవ్వకూడదు, నీళ్లు పట్టుకుంటారు.

పోయినవారి పెట్టె ఇచ్చేటప్పుడు ఇంట్లో అందరూ ఒకసారి కూర్చుని చూసుకోవాలి. అరచేతి రాపిడికి నున్నబడి, బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడిన ఉలి పిడి ఒకటి అందులో తప్పకుండా ఉంటుంది. దాన్ని ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోవచ్చు, అందులో తప్పు లేదు. మిగిలినవి దసరాకు ముందు ఇస్తే బాగుంటుంది. ఆయుధపూజ నాటికి అవి పని నేర్చుకుంటున్న ఒక కుర్రవాడి ఇంట్లో పసుపు కుంకుమ పెట్టించుకుంటాయి.

ఎవరివో తెలియని సైకిళ్లు, రాతకోతలు

సెల్లార్‌లో ఉన్నంత మాత్రాన సైకిలు అసోసియేషన్‌ది కాదు. అద్దెకుండి వెళ్లిపోయినవారివి, ఊళ్లో లేనివారివి అందులో ఉంటాయి. ప్రతి సైకిలుకు ఒక అట్ట కట్టి, ఫలానా తేదీలోగా యజమాని చెప్పకపోతే విరాళంగా ఇస్తామని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, లిఫ్టు దగ్గర కూడా నోటీసు పెట్టి, కనీసం నెల రోజులు ఆగాలి. ఖాళీ చేసినవారికి ఫోను చేయాలి. ఆ తర్వాత అసోసియేషన్ సమావేశంలో తీర్మానం రాసుకుని ముందుకు వెళ్లాలి. వాచ్‌మన్‌ను అడగకుండా మాత్రం ఏదీ కదపకూడదు, సగం సైకిళ్ల సంగతి ఆయనకే తెలుసు, పైగా వాటిలో ఒకటి ఆయన కొడుక్కే కావలసి ఉండవచ్చు.

మన దేశంలో మామూలు సైకిలుకు రిజిస్ట్రేషన్ ఉండదు. రేపు ఎవరైనా ఇది దొంగ సైకిలని ఆపితే చూపించడానికి ఆ పేద పిల్ల దగ్గర ఏ కాగితమూ ఉండదు. అందుకే సైకిలుతో పాటు ఒక చిన్న ఉత్తరం ఇవ్వడం తప్పనిసరి. ‘నేను ఫలానా, నా సొంతమైన ఫలానా కంపెనీ, ఫలానా రంగు, ఫలానా ఫ్రేము నంబరు గల సైకిలును ఫలానా తేదీన ఫలానా వారికి ఏ ప్రతిఫలమూ లేకుండా ఇచ్చాను’ అని రాసి సంతకం చేస్తే సరిపోతుంది. ఫ్రేము నంబరు పెడల్ ఇరుసు గొట్టం కింద గాని, సీటు కింద గొట్టం మీద గాని చెక్కి ఉంటుంది. దుమ్ము తుడిచి, సుద్దముక్క రుద్దితే అంకెలు తేలుతాయి.

పన్ను మినహాయింపు కోసం చూసేవారు ఒక విషయం తెలుసుకోవాలి. ఆదాయపు పన్ను లెక్కల్లో విరాళాల మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినవాటికే వర్తిస్తుంది, అందులోనూ నగదుగా ఇస్తే 2,000 రూపాయల వరకే. సైకిలుకు, పనిముట్లకు విలువ కట్టి రసీదు ఇమ్మని సంస్థలను ఒత్తిడి చేయడం వల్ల వారికి ఇబ్బందే తప్ప మనకు ప్రయోజనం లేదు.

ఎప్పుడు, ఎలా చేర్చాలి

బడి పిల్లల సైకిళ్లకు సరైన కాలం వేసవి సెలవులు. ఏప్రిల్‌లో పేర్లు తీసుకుని, మే నెలలో బాగుచేయించి, జూన్‌లో బడులు తెరిచే నాటికి అందించాలి. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినంగా ప్రకటించింది. ఏదో ఒక రోజు పెట్టుకోవాలనుకుంటే బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు వచ్చే ఆ రోజు అన్ని విధాలా అనుకూలం.

వరదల తర్వాత ఇచ్చే పనిముట్ల లెక్క వేరు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద వంటిది వచ్చినప్పుడు మొదటి వారంలో అన్నం, బట్టలు, మంచినీళ్లే అవసరం, ఆ గందరగోళంలో సైకిళ్లు పట్టుకెళితే దించుకునే దిక్కు ఉండదు. బురద తీయడానికి పారలు, తట్టలు మాత్రం మూడో రోజు నుంచే కావాలి. ఇంట్లోకి నీళ్లు వచ్చి కుట్టుమిషను, వడ్రంగి సామాను, సైకిలు పోగొట్టుకున్నవారి సంగతి నెల తర్వాత బయటపడుతుంది. అప్పటికి దాతలంతా వెళ్లిపోయి ఉంటారు. ఆ సమయానికి సిద్ధంగా ఉండేలా నాలుగు వృత్తుల కట్టలు ముందే అమర్చి పెట్టుకోవడం ఒక కాలనీ సంఘం చేయగల గొప్ప పని.

పది సైకిళ్ల లోపైతే ఒక చిన్న ట్రాలీ ఆటోలో వెళతాయి. హ్యాండిల్‌ను ఫ్రేముకు సమంగా తిప్పి, పెడళ్లు విప్పితే చోటు బాగా కలిసివస్తుంది. కుడి పెడల్ మామూలుగా ఎడమవైపు తిప్పితే ఊడుతుంది గాని, ఎడమ పెడల్‌కు మర ఎదురుగా ఉంటుంది, దాన్ని కుడివైపు తిప్పాలి. ఇది తెలియక బలవంతంగా తిప్పి మర చెడగొట్టిన సైకిళ్లు చాలా ఉన్నాయి. పనిముట్ల కట్టలను గోనెపట్టాలో చుట్టి, పదునైన అంచులకు మందపాటి అట్ట కట్టి ఆర్టీసీ కార్గోలో పంపవచ్చు. చెన్నై, హైదరాబాదులలో కేంద్రాలున్న గూంజ్ వంటి పెద్ద సంస్థలకు పంపదలిస్తే ఏ వస్తువులు తీసుకుంటారో ముందే కనుక్కోవాలి. అయితే పక్క మండలంలో కావలసిన మనిషి ఉండగా రవాణాకు అంత ఖర్చు పెట్టడం నాకు సబబుగా తోచదు.

ఇచ్చేటప్పుడు సభ, వేదిక, దండలు అక్కరలేదు. సైకిలు పట్టుకుని తలవంచుకుని నిలబడిన పిల్ల ఫొటోను పదిమందికి పంచితే, తన క్లాసులో ఆ పిల్ల ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించాలి. సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లల ఫొటో, పేరు బయటపెట్టడం బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ కింద నేరం కూడా. లెక్క కోసం ఫొటో కావాలంటే సైకిళ్లను మాత్రమే వరుసగా నిలబెట్టి తీసుకోవచ్చు.

సైకిలు ఇచ్చిన రోజునే ఆ పిల్లకు గాలి పంపు, పంక్చరు సామాను చూపించి, చైనుకు నూనె ఎక్కడ వేయాలో చెప్పాలి. అంతకంటే ముఖ్యమైనది, ఆ ఊళ్లోనో బడి దారిలోనో ఉన్న సైకిలు షాపులో కొంత డబ్బు ముందుగా ఇచ్చి, పిల్లల పేర్లు, ఫ్రేము నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాయించడం. పంక్చరు, బ్రేకు రబ్బరు, ట్యూబు ఏది వేసినా అందులో రాసుకుని, మూడు నెలలకోసారి లెక్క చూసుకోమని షాపు ఆయనతో మాట్లాడుకోవాలి. ఆ పుస్తకంలో ఒక సైకిలు పేరు అసలే కనిపించకపోతే అది తిరగడం లేదని అనుమానించి, క్లాసు టీచరుకు ఫోను చేసి కనుక్కోవాలి. ఒకే సైకిలు పదే పదే కనిపిస్తే చక్రం మార్చించాలి. అమ్మాయి పది పాసై కాలేజీ హాస్టలుకు వెళితే సైకిలును తిరిగి బడికి అప్పగించే విషయం కూడా మొదటి రోజే తల్లిదండ్రులతో మాట్లాడి, ఆ ఉత్తరంలోనే ఒక వాక్యంగా రాయాలి.